మూగబండ

భీమునిపట్నం
జనవరి 21

అనూరాధ వదినకు,

ఈ కాగితం చేపల వాసన వేస్తే నన్ను తిట్టకు. దేముడమ్మ పిన్ని బుట్టలో, కవళ్ళ చేపల పక్కన ప్లాస్టిక్ కవర్లో చుట్టి పంపుతున్నాను. రోజు విడిచి రోజు మీ పద్మనాభం వీధుల్లో చేపలు అమ్మే మనిషి ఉండగా పోస్టాఫీసు ఎందుకని ఆవిడే అంది. "నాను సేరేత్తాను గానీ, సదివి ఇనిపించమని అడగన్లే" అని కూడా అంది. అడుగుతుంది, చూస్తూ ఉండు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటనుకుంటావు. మూడుసార్లు చేశాను వదినా. ఒకసారి కుక్కర్ కూత, ఒకసారి పాప ఏడుపు, మూడోసారి "తరవాత మాట్లాడదాం సూరీ". అదీగాక నాకు కావలసింది ఫోన్లో చెప్పుకునేది కాదు. కాగితం మీద ఉండాలి.

కయాక్ క్లబ్బులో నాకు గైడు ఉద్యోగం వచ్చిన సంగతి నీకు తెలుసు. రెండు నెలల ట్రైనింగ్ అయిపోయింది. ఇప్పుడు ఇద్దరేసి కూర్చునే సన్న పడవల్లో టూరిస్టులను ఎక్కించుకుని, లైట్‌హౌస్ ముందు ప్రశాంతమైన నీళ్ళలో తిప్పి తీసుకొస్తున్నాం. మా రోహిత్ సార్‌కు అది చాలడం లేదు. దక్షిణాన ఉన్న రాళ్ళ మూల చుట్టి, దాని వెనక ఉన్న చిన్న ఇసుక ఒడ్డు దాకా కొత్త దారి పెట్టాలట. అక్కడ నీళ్ళ కింద ఏ రాయి ఎక్కడుందో, ఏది ఎప్పుడు బయటపడుతుందో రాసుకు రమ్మన్నాడు.

ఆ రాళ్ళ మీద గుల్లలు పీకింది నువ్వూ, మీ అమ్మ పోతమ్మత్తానూ. నేను బుట్ట పట్టుకుని ఇసుకలో నిలబడేదాన్ని. నాన్నను అడిగితే, "రాళ్ళ దగ్గరికి మనకేటి పనే? వలలు సిరిగిపోతాయి. దూరంగా ఎల్లిపోతాం" అన్నాడు. మగవాళ్ళకెవరికీ తెలియదు. నీకే తెలుసు. రాసి పంపవా?

పాపకు ముద్దులు. బావను అడిగానని చెప్పు.

నీ
సూర్యకళ


పద్మనాభం
జనవరి 29

సూర్యకళకు,

నీ ఉత్తరం అందింది, కవళ్ళూ అందాయి. దేముడమ్మ పిన్ని వీధి అరుగు మీద కూర్చుని, "ఏటి రాసిందే సూరీ?" అని నేను చదువుతున్నంతసేపూ అడుగుతూనే ఉంది.

నీ ఉద్యోగం సంగతి నాకు తెలియకపోవడమేమిటి! మా ఆయన రోజూ పొద్దున్నే వన్ టౌన్‌లో గోడౌను పనికి వెళ్ళే బస్సులో పేపరు చదువుతాడు. ఆ రోజు పేపరును ఇంటికే తెచ్చాడు. "మీ సూరీ పేపర్లో పడ్డాది సూడు" అన్నాడు. నారింజ రంగు జాకెట్టు, తల మీద హెల్మెట్, చేతిలో తెడ్డు. మా అత్త కాశమ్మ ఆ ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూసి, "దైర్నవే ఈ పిల్లకి! నువ్వూ సంద్రం కాడ పిల్లవే కదేటి, నీకేటీ రాదా?" అంది. నాకు ఏమీ రాదని చెప్పాను. మధ్యాహ్నం కిటికీలోంచి పాప మీద ఎండ పడుతుంటే ఆ పేజీనే అద్దానికి అంటించాను. ఫోటో బయటి వైపుకు వచ్చింది.

సముద్రం చూస్తే కెవ్వుమనే నిన్ను నడుం పట్టుకుని ఈత నేర్పింది ఎవరో ఆ పేపరు వాళ్ళు రాయలేదు. రాయాలని నువ్వు చెప్పి ఉండవు. సరే, అది అడగడానికి కాదు ఈ ఉత్తరం.

నువ్వడిగినవి రాస్తున్నాను. ఉత్తరం నుంచి వెళితే ముందు కోడిబండ. నెత్తిన జుట్టు ఉన్నట్టుంటుంది, పోటు మీద కూడా కనపడుతుంది. దాని సముద్రం వైపు నీళ్ళలో మెట్టులా మరో రాయి ఉంది. కనీసం మూడు పడవల దూరం ఉండాలి. తరవాత జంటరాళ్ళు. రెండింటి మధ్య సందు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పాటు సమయంలో అందులోకి దూరితే రాళ్ళు పడవ అడుగు గీసేస్తాయి. ఆ తరవాత గొడుగురాయి. పైన ముందుకు వంగి ఉంటుంది. కెరటం దానికి కొట్టుకుని వెనక్కి వచ్చి, వచ్చే కెరటంతో గుద్దుకుంటుంది. అక్కడ నీళ్ళు ఎటు లేస్తాయో చెప్పలేం.

ఈ మూడూ దాటితే నీలం నీళ్ళు, ఆ వెనక ఇసుక. నాకు తెలిసింది ఇంతే.

ఇక్కడ రబీ వరి నాట్లు వేస్తున్నారు. మా అత్తతో పాటు నేనూ మోకాలి లోతు నీళ్ళలో నిలబడుతున్నాను. ఇక్కడ నీళ్ళు కదలవు.

అనూరాధ


భీమునిపట్నం
ఫిబ్రవరి 12

వదినా,

నీ ఉత్తరం మొత్తం రోహిత్ సార్‌కు చదివి వినిపించాను, ఆ పేపరు సంగతి తప్ప. గొడుగురాయి దగ్గర తిరగబడే కెరటం గురించి నువ్వు రాసింది విని, "ఇది ట్రైనింగ్ పుస్తకంలో ఉన్నట్టే ఉంది, ఎవరు చెప్పారు?" అన్నాడు. ఇంట్లో వాళ్ళు అన్నాను.

ఆయన నేర్పే పద్ధతులు వింటే నీకు నవ్వొస్తుంది. రాళ్ళ దగ్గరికి ఒంటరిగా వెళ్ళకూడదు. హెల్మెట్ తీయకూడదు. బయలుదేరే ముందు గట్టు మీద ఒక మనిషికి ఎటు వెళ్తున్నామో, ఎన్నింటికి తిరిగొస్తామో చెప్పాలి. మా నాగవంశీ ఆ పని చేస్తాడు, చేతిలో వాకీటాకీ పట్టుకుని. రాయికీ కెరటానికీ మధ్యన ఎప్పుడూ ఉండకూడదు, పడవ ముక్కు సముద్రం వైపే ఉండాలి. అన్నిటికంటే పెద్ద నియమం ఇది: కొత్త చోటికి వెళ్ళేటప్పుడు బయటే ఆగి ఇరవై నిమిషాలు నీళ్ళను చూస్తూ కూర్చోవాలి. సముద్రం పది నిమిషాలు నిద్రపోయినట్టు ఉండి, ఎక్కడో దక్షిణాన పుట్టిన పొంగు ఒక్కసారిగా వస్తుందట. ఆ తరవాత కూడా గైడు ఒక్కతే ముందు వెళ్ళి రావాలి. అప్పుడే టూరిస్టులు.

మార్చి 9 ఆదివారం మొదటి ట్రిప్పు. ఆరుగురు వస్తున్నారు, సిటీ నుంచి. నేనే ముందుండి నడపాలి. నాకు కొత్త జాకెట్టు ఇచ్చారు, వీపు మీద "లీడ్" అని రాసుంది.

ఒక మాట. నువ్వు ఇక్కడికి వచ్చి ఎన్నాళ్ళైంది? ఒకరోజు రా. నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని నేను వెనక నుంచి తిప్పుతాను. నువ్వేమీ చెయ్యక్కర్లేదు, తెడ్డు కూడా పట్టక్కర్లేదు. హాయిగా చూస్తూ కూర్చో. స్టాఫ్ వాళ్ళ బంధువులకు టికెట్ లేదు.

సూర్యకళ


పద్మనాభం
ఫిబ్రవరి 20

సూర్యకళకు,

ముందు సీట్లో కూర్చోబెడతావా? తెడ్డు కూడా పట్టక్కర్లేదా?

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మడిచి పెట్టాను. మళ్ళీ తీసి చదివితే మొదటిసారి కంటే ఎక్కువ మండింది.

పదమూడేళ్ళ వయసులో నేను కోడిబండ మీద నుంచి నీళ్ళలోకి దూకి, జంటరాళ్ళ వెనక తేలేదాన్ని. కాళ్ళకు చెప్పులు లేవు, నెత్తిన హెల్మెట్ లేదు. మా అమ్మ గుల్లలు పీకుతూ, "ఒలే అనూ, పెద్ద కెరటం ఒత్తంది, లెగు" అని ఒక్క కేక వేస్తే చాలు. ఇరవై నిమిషాలు వాచీ చూసుకుంటూ కూర్చున్నామా? ఆ రాళ్ళు నా అరికాళ్ళకు తెలుసు. ఇప్పటికీ ఎడమ మడమ మీద గుల్ల గీరిన మచ్చ ఉంది.

"ఎవరు చెప్పారు?" అని మీ సార్ అడిగితే "ఇంట్లో వాళ్ళు" అన్నావు. నా పేరు పలకడానికి నీకు నోరు రాలేదు. నాకు పేరుంది సూరీ. అనూరాధ. నాలుగక్షరాలే.

సెలక్షన్ రోజున నువ్వు వాళ్ళకేం చెప్పావో కూడా నాకు తెలుసు. "ఆ రాళ్ళ మీదే పెరిగానండి, ప్రతి రాయీ తెలుసు" అన్నావు. ఎలా తెలుసని అడక్కు.

నేను ఇక్కడికి పెళ్ళి చేసుకుని వచ్చింది ఇష్టపడే. శంకర్‌ను ఎవరూ నా మెడకు కట్టలేదు, ఇద్దరి ఇళ్ళల్లోనూ పోట్లాడి చేసుకున్నాం. ఆయన మంచివాడు. మా అత్త నోరు పెద్దది గానీ మనసు చెడ్డది కాదు. పాప బంగారం. అవన్నీ ఉన్నా, దేముడమ్మ పిన్ని బుట్ట దించినప్పుడు అడుగున కారే ఉప్పునీళ్ళు నా గుమ్మం మీద పడితే కడగబుద్ధి కాదు. ఆ నీళ్ళలో నువ్వు రోజూ తిరుగుతున్నావు, దానికి నీకు జీతం ఇస్తున్నారు, జాకెట్టు మీద పేరు రాసి ఇస్తున్నారు.

నీ ఆదివారం బాగా జరగాలని కోరుకుంటున్నాను. ఇంకేమీ రాయలేను.

అనూరాధ


పద్మనాభం
మార్చి 7, శుక్రవారం

సూరీ,

ఇది చదవగానే మీ సార్‌కు చూపించు. ముందు ఇది చదువు, మిగతా తిట్లు తరవాత తిడుదువుగాని.

ఇంకో రాయి ఉంది. గొడుగురాయి దాటాక నీలం నీళ్ళని రాశాను కదా, ఆ నీలం నీళ్ళ కిందే ఉంది. మా అమ్మ దాన్ని మూగబండ అనేది. మిగతా రాళ్ళు నురగ కక్కుతాయి, చప్పుడు చేస్తాయి. ఇది చెయ్యదు. మామూలు రోజున దాని పైన నిలువెత్తు నీళ్ళుంటాయి, అద్దంలా ఉంటుంది. పెద్ద పొంగు వచ్చినప్పుడు మాత్రం ముందు నీళ్ళు వెనక్కి లాక్కుంటాయి, గేదె వీపులా నల్లగా ఒక్కసారి పైకి తేలుతుంది. ఆ మరుక్షణం కెరటం దాని మీదే విరుగుతుంది. మాఘం వెళ్ళాక, గాలి లేని రోజుల్లోనే ఎక్కువ.

అటువైపు వెళ్ళకండి. ఇసుక ఒడ్డుకు చేరాలంటే గొడుగురాయి దాటాక బాగా సముద్రంలోకి పోయి, అరటితోట ఎదురుగా వచ్చేదాకా ఆగి, అప్పుడు లోపలికి తిరగాలి.

మొదటిసారే ఎందుకు రాయలేదో తరవాత చెప్తాను. మరిచిపోలేదు.

రేపు పొద్దున్న దేముడమ్మ పిన్ని వస్తుంది. సాయంత్రానికి నీ చేతిలో ఉంటుంది.

అనూరాధ

శనివారం. పిన్ని రాలేదు. పదకొండింటి దాకా గుమ్మంలో నిలబడ్డాను. వాళ్ళ మనవరాలికి జ్వరమని పక్కింటావిడ చెప్పింది.

శనివారం సాయంత్రం. నీకు ఫోన్ చేశాను. రెండు రింగులు వచ్చాయి. పెట్టేశాను.

ఆదివారం, ఆరున్నర. మళ్ళీ చేశాను. స్విచాఫ్. మళ్ళీ. మళ్ళీ.


భీమునిపట్నం
మార్చి 16

వదినా,

ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు. కుడి భుజం దగ్గర కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు.

నువ్వు ఆస్పత్రికి వచ్చి గంటసేపు మంచం పక్కన కూర్చున్నావు. ఒక్క మాట ఆడలేదు. కమలాపండు ఒలిచి ఒక్కో తొనా నా నోట్లో పెట్టావు, అంతే. నీ మొహం చూస్తే నాకే భయమేసింది. అందరూ ఉన్నారని ఏమీ చెప్పలేకపోయాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ రోజు గాలే లేదు. నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. ఆరింటికే ఫోన్లన్నీ లాకర్లో పెట్టి బయలుదేరాం. మూడు జంట పడవల్లో ఆరుగురు, ముందు నేను, అందరికంటే వెనక రోహిత్ సార్. కోడిబండకు మూడు పడవల దూరం ఇచ్చాం, జంటరాళ్ళ సందు వైపు చూడలేదు, గొడుగురాయి దగ్గర నువ్వు చెప్పినట్టే నీళ్ళు ఎగిరిపడుతుంటే దూరంగా దాటాం. అన్నీ నువ్వు రాసినట్టే ఉన్నాయి. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

గొడుగురాయి దాటాక ఆగాం. ఇరవై నిమిషాలు చూడాలి. ఎనిమిది నిమిషాలు అయ్యేసరికి ఒకాయన, "ఏటండీ సూడ్డానికి, సెరువులాగుంది కదా!" అన్నాడు. ఇంకొకామె ఎండ అంది. సార్ ఆగమన్నాడు. నేనే ఆయన దగ్గరికి పడవ తీసుకెళ్ళి, "ఇక్కడ ఇంక రాళ్ళు లేవు సార్. మా వదిన రాసిచ్చింది. మా వదినకు తెలియని రాయి లేదక్కడ" అన్నాను. ఆ రోజు నీ పేరు చెప్పాను వదినా, అనూరాధ అని. ఆయన, "అయితే నువ్వు ఒక్కదానివే ముందు వెళ్ళి రా, వీళ్ళు ఇక్కడే ఉంటారు" అన్నాడు.

సగం దూరం వెళ్ళాను. పడవ కింద నీళ్ళు వెనక్కి జారిపోతున్నట్టు అనిపించింది. తెడ్డు వేస్తే ముందుకు కదలడం లేదు. కుడి పక్కన నల్లగా ఏదో లేచింది. రాయి అని నా బుర్ర చెప్పేలోపు కెరటం నిలువుగా నిలబడి నా మీద పడింది. తలకిందులయ్యాను. నీళ్ళపైకి తేలేసరికి రెండోది వచ్చి నన్ను రాయికేసి కొట్టింది. హెల్మెట్ పగిలింది. భుజం సంగతి అప్పుడు తెలియలేదు. మూడోది వచ్చి రాయి అవతలికి విసిరేసింది, అదే నన్ను బతికించింది.

సార్ విజిల్ మూడుసార్లు ఊది, టూరిస్టుల పడవలను ఒకదానికొకటి గట్టిగా పట్టుకుని ఉండమని చెప్పి, తాడు సంచి విసిరాడు. ఎడమ చేతికి చుట్టుకున్నాను. గట్టు మీద నుంచి నాగవంశీ కబురు చేస్తే నాన్న ఇంజన్ పడవ వేసుకుని వచ్చాడు. నన్ను ఎక్కించి, తల నిమురుతూ, "ఏటే అమ్మా, ఏటే అమ్మా" అంటున్నాడు. టూరిస్టుల్లో ఎవరికీ ఏమీ కాలేదు.

సార్ నిన్న ఇంటికి వచ్చి అడిగాడు. "మీ వదినకు ఆ రాయి సంగతి తెలిసి ఉండదా?" అని. తెలిసుంటే చెప్పదా అన్నాను. నువ్వు మనసులో పెట్టుకుని కుమిలిపోకు. నీకూ తెలియని రాయి ఒకటి అక్కడ ఉందంతే.

సూర్యకళ


పద్మనాభం
మార్చి 19

సూరీ,

దీనితో పాటు ఇంకో కాగితం ఉంది. మార్చి 7 అని తేదీ వేసి ఉంటుంది. ముందు అది చదువు.

చదివావా?

నాకు తెలుసు. జనవరిలోనే తెలుసు. మూడు రాళ్ళ గురించి రాసి, నాలుగోది రాయబోయి, పెన్ను ఎత్తేశాను. నీ పడవ తిరగబడాలని అనుకోలేదు. అలా అనుకున్నానని నువ్వు అంటే మాత్రం కాదని నిరూపించలేను. ఒక్క రాయి నాకు ఉండనీ అనుకున్నాను. అంతా నీకు ఇచ్చేస్తే నా దగ్గర ఏం మిగులుతుంది? నువ్వు ఎప్పుడైనా అక్కడికి వెళ్ళి, ఏదో తేడాగా ఉందని అనిపించి, వెనక్కి వచ్చి, "వదినా, అక్కడ ఏముంది?" అని అడగాలి. నేను చెప్పాలి. నా పిచ్చి ఆలోచన అది. మార్చి 9న ట్రిప్పు అని నువ్వు రాసినప్పుడు కూడా నేను రాయలేదు. ముందు సీటు అన్నావని కోపం. ఆ కోపం దిగేసరికి శుక్రవారం అయింది.

శనివారం సాయంత్రం రెండు రింగులకే ఎందుకు పెట్టేశానో కూడా చెప్పాలి. నువ్వు ఎత్తితే, "దాచాను" అని నా గొంతుతో చెప్పాలి. సిగ్గేసింది. ఉత్తరమైతే నువ్వు చదివేటప్పుడు నేను అక్కడ ఉండను. ఆ సిగ్గు నీ ఎముక కంటే ఎక్కువైపోయింది నాకు.

సెలక్షన్ రోజు సంగతి నాకు ఎలా తెలుసంటే, నేనూ వచ్చాను. అక్టోబరులో. పాపను అత్తకు అప్పగించి, ఆస్పత్రి పని ఉందని అబద్ధం చెప్పి మొదటి బస్సులో వచ్చాను. ఫారం నింపాను. రెండో గుంపులో ఈదించారు, నేనే ముందు వచ్చాను. తరవాత ఒకామె ఫారం చూసి, "ముప్పై ఏళ్ళండీ, ఇరవై ఎనిమిది దాకానే" అంది. పద్మనాభం నుంచి పొద్దున్న ఐదింటికి ఎలా వస్తారు, చిన్నపాప ఉంది కదా అని కూడా అడిగింది. మంచిగానే అడిగింది. తడి బట్టలతో టెంటు వెనక నిలబడి ఉన్నాను. లోపల నీ గొంతు వినపడింది, "ఆ రాళ్ళ మీదే పెరిగానండి." తడి బట్టలతోనే బస్సెక్కాను. శంకర్‌కు ఇవాళ దాకా తెలియదు.

మీ సార్‌కు ఈ రెండు కాగితాలూ చూపించు. మీ నాన్నకు, వీరన్న మావకు కూడా. నేను వచ్చి చెప్పమంటే వచ్చి చెప్తాను. నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు సరే అనేస్తావేమోనని.

అనూరాధ


భీమునిపట్నం
ఏప్రిల్ 10

అనూరాధకు,

వదినా అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అందుకే ఇలా.

మూడు వారాలు నీకు రాయలేదు. రాసినవి మూడు చించేశాను. దేముడమ్మ పిన్ని ప్రతిసారీ, "ఏటమ్మా, ఉత్తరం లేదేటి? అక్కడ అది గుమ్మంలో నిల్సుంటంది" అంటోంది. నిలబడనీ అన్నాను.

నాన్నకు చెప్పాను. వల బాగుచేసుకుంటూ ఉండిపోయాడు. సాయంత్రం అన్నం ముందు, "దానికి సంద్రం అంటే అంత ఇది ఉన్నాదని మనకి ఎవుళికీ తెలవనేదు" అన్నాడు. నీ మీద కోప్పడతాడనుకుంటే జాలి పడ్డాడు. అది నాకు ఇంకా మండింది. విరిగింది నా ఎముక.

ఒక నిజం నేనూ చెప్పాలి. సెలక్షన్ రోజు నిన్ను చూశాను. టెంటు గుడ్డ కింద నుంచి నీ కాళ్ళు కనపడ్డాయి, ఎడమ మడమ మీద మచ్చతో సహా. నువ్వు ఉన్నావని తెలిసే ఆ మాట గట్టిగా అన్నాను. చిన్నప్పటి నుంచి "అనూ లాగ ఈదు, అనూ లాగ దూకు" అని ఇంట్లో, వీధిలో ఎంతమంది అన్నారో నీకు తెలియదు, ఎందుకంటే ఆ అనూవి నువ్వే. ఒక్కసారి, ఒక్క చోట, నిన్ను దాటాలనిపించింది. ముందు సీటు సంగతి కూడా తెలియక రాసింది కాదు. నీకు గుచ్చుకుంటుందని తెలుసు. ఆ రాళ్ళంటే నాకు భయం. ఇప్పుడే కాదు, ఎప్పుడూ. ఆ భయం మీ ఎవరికీ చెప్పలేదు.

ఇంతా రాసినంత మాత్రాన ఇద్దరం సమానమైపోలేదు. నేను అబద్ధం ఆడాను, నువ్వు రాయిని దాచావు. అవి ఒకటి కాదు.

ఇక అసలు సంగతి. రోహిత్ సార్‌కు రెండు కాగితాలూ చూపించాను. చాలాసేపు చదివాడు. ముందు తనను తాను తిట్టుకున్నాడు, ఇరవై నిమిషాలని నియమం పెట్టి ఎనిమిదికే నన్ను పంపినందుకు. ఆ దారి నవంబరు దాకా మూసేశాడు. తరవాత, "ఈవిడ ఎక్కడుంటారు? మ్యాపు మీద అన్ని రాళ్ళూ గుర్తుపెట్టడానికి వస్తారా? మళ్ళీ ఎవరూ దెబ్బ తినకూడదు" అన్నాడు. ఒక్క పూట పని, ఆ తరవాత సంగతి ఆ తరవాత అన్నాడు.

ఆ మాట ఆయన అన్నది మార్చి 29న. పన్నెండు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. నీకు చెప్పకూడదని అనుకున్నాను. ప్రతి పొద్దునా లేచి, ఇవాళ కూడా చెప్పను అనుకునేదాన్ని. ఆ అనుకోవడం ఎంత తియ్యగా ఉంటుందో అప్పుడు తెలిసింది. తెలిశాక భయమేసి రాస్తున్నాను.

17వ తారీకు గురువారం పొంగు తక్కువగా ఉంటుందట. మొదటి బస్సుకు రా. మార్చుకోవడానికి బట్టలు తెచ్చుకో. హెల్మెట్ పెట్టుకోవాలి, నీ కబుర్లేమీ అక్కడ చెల్లవు. నేను గట్టు మీద వాకీటాకీతో ఉంటాను. ఈసారి శంకర్ బావకు నిజం చెప్పి రా.

సూర్యకళ


పద్మనాభం
ఏప్రిల్ 19

సూరీ,

గురువారం మనం మాట్లాడుకున్నవి పది మాటలు కూడా ఉండవు. "హెల్మెట్ బిగించుకో", "నీళ్ళ సీసా మరిచిపోయావు", అంతే. అందుకని అక్కడ జరిగింది రాస్తున్నాను. గట్టు మీద నుంచి నీకు కనపడి ఉండదు.

శంకర్‌కు అక్టోబరు సంగతి కూడా చెప్పాను. "తడి బట్టల్తో అంత దూరం ఒచ్చినావా? నాతో సెప్పొచ్చు కదే" అన్నాడు. మూడు రోజులు ముభావంగా ఉన్నాడు. గురువారం పొద్దున్న బస్టాపు దాకా బండి మీద దింపింది ఆయనే.

నన్ను వెనక కూర్చోబెట్టి, మీ సార్ ముందు కూర్చున్నాడు. తెడ్డు నా చేతిలో పెట్టాడు. మొదట పడవ గుండ్రంగా తిరిగింది, అది నువ్వు చూసే ఉంటావు. నవ్వావని నాకు తెలుసు. కోడిబండ దగ్గరికి వెళ్ళాం. సూరీ, నేను ఆ రాళ్ళను గుర్తుపట్టలేదు. చిన్నప్పటి నుంచి గట్టు వైపు నుంచే చూశాను. సముద్రం నుంచి చూస్తే అవి వేరే రాళ్ళు. జుట్టు లేదు, గొడుగు లేదు, అన్నీ నల్లటి గోడలే. ప్రతి రాయీ తెలుసని విర్రవీగినదాన్ని, పడవను మాటిమాటికీ గట్టు వైపు తిప్పించి, అమ్మ ఎక్కడ నిలబడేదో, నేను ఎక్కడి నుంచి దూకేదాన్నో వెతుక్కుని, అప్పుడు ఒక్కొక్కటీ చెప్పాను. మీ సార్ విసుక్కోలేదు.

ఆ చోటికి ఎదురుగా, దూరంగా ఆగాం. ఇరవై నిమిషాలు. నేనే వాచీ చూశాను. పద్నాలుగో నిమిషంలో నీళ్ళు వెనక్కి లాక్కున్నాయి, అది లేచింది. విరిగిన కెరటం చప్పుడు నా పక్కటెముకల్లో వినపడింది. నువ్వు ఆ నీళ్ళలో ఉన్నావన్నది అప్పటిదాకా నాకు కాగితం మీది మాట. మీ సార్ వెనక్కి తిరిగి, "బాగున్నారా?" అని అడిగాడు. బాగాలేనని చెప్పాను. తిరిగొచ్చే ముందు మ్యాపు మీద ఆరు రాళ్ళు పెట్టించాను. నాలుగు కాదు, ఆరు. ఇంకో రెండు చిన్నవి ఉన్నాయి, వాటి సంగతి నాకూ అక్కడికి వెళ్ళాకే గుర్తొచ్చింది.

నవంబరు నుంచి వారానికి రెండు రోజులు వస్తారా అని మీ సార్ అడిగాడు. గైడుగా కాదు, కొత్తవాళ్ళకు రాళ్ళు చూపించడానికి. నీకు చెప్పకుండా సరే అనలేనన్నాను.

ఇంకొకటి ఉంది. ఇది రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు. పడవ దిగి వస్తుంటే నువ్వు గొడుగు కింద కుర్చీలో, చేతికి కట్టుతో కూర్చుని ఉన్నావు. నా బట్టల నుంచి ఉప్పునీళ్ళు కారుతున్నాయి. ఆ ఒక్క క్షణం, నీ చెయ్యి త్వరగా బాగవకూడదని అనిపించింది. ఎదురుగా నిన్ను చూస్తూ, అదంతా చూసొచ్చాక కూడా, అనిపించింది. నాలో ఉన్నది పోలేదు సూరీ. పోతుందో లేదో తెలియదు. ఇప్పుడు దాన్ని నీకు కూడా తెలిసేలా ఉంచుతున్నాను, అంతవరకే నా చేతనవుతుంది.

దీనికి నువ్వు జవాబు రాయక్కర్లేదు. కట్టు ఏ రోజు విప్పుతారో మాత్రం రాయి. ఆ రోజు నేను నీ పక్కన ఉండాలి.

అనూరాధ